టక్ టక్ పిట్ట: క్రిస్మస్ సెలవుల పెరటి డైరీ

డిసెంబర్ 22, రాత్రి

పిల్లలకు రేపటి నుంచి క్రిస్మస్ సెలవులు. ఈసారి ఇంటిల్లిపాదికీ కలిపి ఒక్కటే పని పెట్టుకున్నాం. పెరట్లోకి వచ్చే పిట్టల్ని రోజూ పొద్దున పదిహేను నిమిషాలు కదలకుండా చూడాలి, లెక్కపెట్టాలి, రాసిపెట్టాలి. వాటికోసం నీళ్ళ మూకుడు ఒకటి, గింజల పళ్ళెం ఒకటి మా చేతులతోనే తయారు చేయాలి.

పదిహేను నిమిషాలన్న లెక్క ఊరికే పెట్టుకున్నది కాదు. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతటా గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పెరటి పిట్టల లెక్క జరుగుతుంది. అందులో చేరాలంటే కనీసం పదిహేను నిమిషాలు చూసి రాస్తే చాలు. 1998లో అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధనశాల, పక్షుల సంరక్షణ సంస్థ ఆడుబాన్ సొసైటీ కలిసి మొదలుపెట్టిన లెక్క అది. ఏడేళ్ళ పిల్లాడు మాట్లాడకుండా కూర్చోగలిగేది కూడా సుమారు అంతసేపే, కాబట్టి మాకు సరిగ్గా కుదిరింది.

అసలు ఈ ఆలోచన మా మామయ్యగారి వల్ల వచ్చింది. శుక్లాల ఆపరేషన్ అయినా ఆయనకి చూపు పూర్తిగా తిరిగి రాలేదు. చెట్టు మీద పిట్ట ఆయనకి మసక మచ్చలాగే ఉంటుంది. చెవులు మాత్రం ఈ ఇంట్లో అందరికన్నా చురుకు. పోయిన వారం సాయంత్రం వరండాలో కూర్చుని, "మందారం వెనక పొదలో ఏదో టక్ టక్ అంటోందమ్మా. వానలు వెళ్ళినప్పటి నుంచీ వింటున్నాను. రెండు గులకరాళ్ళు తట్టినట్టు ఉంటుంది. ఎన్నేళ్ళుగా వింటున్నానో గానీ అదేం పిట్టో తెలీదు" అన్నారు.

నేను ఆ వరండాలో రోజూ బట్టలు ఆరేస్తాను. ఆ చప్పుడు ఒక్కసారీ నా చెవిన పడలేదు. ఆ మాట విన్నప్పటి నుంచి మనసులో అదే తిరుగుతోంది. పిల్లలతో చెప్పగానే పెద్దది కొత్త నోట్‌బుక్ తీసి మొదటి పేజీలో "టక్ టక్ ఎవరు?" అని రాసి కింద రెండు గీతలు కొట్టింది.

డిసెంబర్ 23

ఇవాళంతా నీళ్ళ మూకుడు పనే.

స్టీలు పళ్ళెం పెట్టేద్దాం అన్నారు మావారు. వద్దన్నాను. స్టీలు, గాజు, నున్నటి ప్లాస్టిక్ అయితే తడి కాళ్ళు జారతాయి. పిట్ట ఒకసారి జారిందంటే మళ్ళీ ఆ దరికి రాదు. అందుకే మూలన పడి ఉన్న వెడల్పాటి మట్టి మూకుడు తీశాం. దాని గరుకే ఇక్కడ లాభం. కానీ లోతు ఎక్కువ, స్కేలు పెట్టి చూస్తే మధ్యలో 9 సెంటీమీటర్లు. చిన్న పిట్ట స్నానానికి రెండు మూడు సెంటీమీటర్లు చాలు, ఎంత పెద్ద పిట్టకైనా 5 దాటకూడదు. చిన్నోడు పెరట్లో గులకరాళ్ళు ఏరుకొచ్చి కడిగి లోపల పరిచాడు. ఒక పక్క రాళ్ళు ఎత్తుగా, రెండో పక్క పల్లంగా సర్దాం. అంటే మెట్లు దిగినట్టు పిట్ట తనకు సరిపడా లోతు తనే చూసుకుంటుంది. మధ్యలో పైకి తేలేలా ఒక చదునైన రాయి పెట్టాం, దాని మీద నిలబడి తాగడానికి.

ఎక్కడ పెట్టాలన్న దానికి ఎక్కువ సేపు పట్టింది. పొదకి ఆనించి పెడితే పక్కింటి పిల్లి పొంచి ఉంటుంది. మరీ బయలులో పెడితే ఆపద వచ్చినప్పుడు పిట్టకి దాక్కునే చోటు ఉండదు. చివరికి మందారం పొద నుంచి ఏడడుగుల దూరంలో, రెండు ఇటుకల మీద పెట్టాం. తడిసిన రెక్కలతో పిట్ట ఎక్కువ దూరం ఎగరలేదు, అందుకే దగ్గరలో ఒక ఎండుకొమ్మ కూడా పాతాం. తడిసిన పిట్ట ముందు దాని మీదికి ఎగిరి ఒళ్ళు దులుపుకోవచ్చు.

సాయంత్రం దాకా ఒక్క పిట్టా రాలేదు. చిన్నోడు పదిసార్లు వెళ్ళి చూశాడు. అన్నిసార్లు వెళ్తే ఎలా వస్తాయి?

డిసెంబర్ 24

గింజల పళ్ళెం అయింది. పాత చెక్క ట్రే అడుగున మావారు డ్రిల్లుతో పన్నెండు రంధ్రాలు వేశారు. మంచుకో వానకో గింజలు తడిసి నాని బూజు పడితే పిట్టలకు జబ్బు చేస్తుంది, నీళ్ళు నిలవకూడదు. మూడు తాళ్ళు కట్టి జామ కొమ్మకి వేలాడదీశాం. లోపల సజ్జలు, నూకలు గుప్పెడే. ఉప్పు తగిలినవి, వేయించినవి, బ్రెడ్డు ముక్కలు వద్దని పెద్దది కాగితం మీద రాసి వంటింటి తలుపుకి అంటించింది. బ్రెడ్డుతో కడుపు నిండుతుందే కానీ వాటికి కావలసిన బలం అందదు.

ఏడింటికి మొదటి లెక్క. పదిహేను నిమిషాల్లో కాకులు మూడు, గోరింకలు రెండు, ఒక పికిలిపిట్ట. మూడు రకాలే. గింజల్ని ఎవరూ ముట్టుకోలేదు, ఉడుత తప్ప.

అక్కడే పిల్లలిద్దరికీ గొడవ. గోరింకలు మూడుసార్లు వచ్చి వెళ్ళాయి కాబట్టి ఆరు అని చిన్నోడు, కాదు అవే రెండూ మళ్ళీ వచ్చాయని పెద్దది. కళ్ళ నీళ్ళ దాకా వెళ్ళింది వ్యవహారం. బ్రిటన్‌లో ఆర్‌ఎస్‌పీబీ అనే పక్షి సంరక్షణ సంస్థ జనవరి చివర్లో జరిపే పెరటి పిట్టల లెక్కలో దీనికి చక్కని పద్ధతి ఉంది. ఎన్నిసార్లు వచ్చాయన్నది కాదు, ఒక రకం పిట్టలు ఒకేసారి ఎక్కువలో ఎక్కువ ఎన్ని కనిపించాయో ఆ అంకెనే రాయాలి. ఒక పిట్టని రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం అలా తప్పుతుంది. ఆ లెక్క 1979లో పిల్లలకోసమే మొదలైందని చెప్పాను. "అయితే రెండే" అని చిన్నోడు తనే ఆరుని కొట్టేసి రెండు వేశాడు.

సాయంత్రం ఆరు దాటాక మామయ్యతో పాటు నేనూ వరండాలో కూర్చున్నాను. పది నిమిషాలయ్యాక ఆయన నా చెయ్యి మీద తట్టారు. టక్. కొంచెం ఆగి, టక్ టక్. ఇన్నాళ్ళూ ఇది నాకు ఎలా వినపడలేదో! పొడిగా, స్పష్టంగా, పొద లోపల నుంచే. ఆకు కదిలింది, పిట్ట కనపడలేదు.

డిసెంబర్ 25

పండగ రోజు కాబట్టి లెక్క ఆలస్యమైంది. అయినా వదల్లేదు. వదలకపోవడానికి ఇవాళ ప్రత్యేకమైన కారణం ఒకటుంది, అది పిల్లలకు లెక్కకి ముందే చెప్పాను.

అమెరికాలో ఒకప్పుడు క్రిస్మస్ రోజు వేట పోటీ ఉండేది. జట్లుగా విడిపోయి తుపాకులతో వెళ్ళి, కనపడిన పక్షినీ జంతువునీ కొట్టేవాళ్ళు. ఎవరి కుప్ప పెద్దదైతే వాళ్ళు గెలిచినట్టు. న్యూయార్క్ మ్యూజియంలో పక్షి శాస్త్రవేత్తగా పనిచేసే ఫ్రాంక్ చాప్‌మన్ 1900లో, తాను నడిపే పత్రికలో, చంపే బదులు లెక్కపెడదాం రండి అని పిలుపునిచ్చాడు. ఆ డిసెంబర్ 25న 25 చోట్ల 27 మంది బయల్దేరారు. అందరూ కలిపి సుమారు 90 రకాలు చూశారు. ఆ లెక్క ఇప్పటికీ ఆగలేదు. ఏటా డిసెంబర్ 14 నుంచి జనవరి 5 లోపు వేలమంది చేస్తున్నారు. నూరేళ్ళకు పైగా ఒకే పద్ధతిలో రాసిపెట్టడం వల్లే ఏ పిట్ట తగ్గుతోంది, ఏది తన చోటు మార్చుకుంటోంది అన్నది ఇవాళ చెప్పగలుగుతున్నారు.

"ఇరవై ఏడు మందేనా?" అంది పెద్దది. ఆ మాటకి నాకు చాలా సంతోషమేసింది. వాళ్ళూ మాలాగే నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్న మనుషులే కదా.

ఇవాళ నాలుగు రకాలు. గువ్వల జంట ఒకటి మొదటిసారి నీళ్ళ దగ్గరికి వచ్చింది. చిన్నోడు కనిపెట్టిన సంగతి ఇది, నోట్‌బుక్‌లో వాడి పేరుతోనే ఎక్కింది. గోరింక ముక్కు నిండా నీళ్ళు తీసుకుని తల పైకెత్తి మింగింది. మళ్ళీ వంగింది, మళ్ళీ ఎత్తింది. గువ్వ అలా కాదు, ముక్కు నీళ్ళలో ముంచి తల ఎత్తకుండానే గడగడా పీల్చేసింది. "అమ్మా, అది స్ట్రా వేసుకుని తాగుతోంది!" అన్నాడు. గువ్వలు, పావురాల జాతికి నిజంగానే అలా పీల్చి తాగే శక్తి ఉంది, మిగతా పిట్టల్లో చాలావాటికి లేదు. పుస్తకంలో చదివితే వాడు రెండు రోజుల్లో మరిచిపోయేవాడు.

డిసెంబర్ 26

మరిది వాళ్ళు వచ్చారు. తోడికోడలు, వాళ్ళ పాప కూడా చేరడంతో లెక్కకి ఎనిమిది మందిమి. ఇంతమంది వరండాలో కూర్చుంటే పిట్టలు రావు కాబట్టి తెర కట్టాం. వరండా గ్రిల్లుకి ముదురు రంగు పాత దుప్పటి కట్టి, మూడు ఎత్తుల్లో అడ్డంగా చీలికలు కోశాం. ఒకటి నిలబడేవాళ్ళకి, ఒకటి కుర్చీలో కూర్చునే మామయ్యకి, ఒకటి నేల మీద కూర్చునే పిల్లలకి. చీలిక నాలుగు వేళ్ళ వెడల్పు చాలు. మొదట పెద్దగా కోస్తే చేతులు బయటికి వచ్చేస్తున్నాయని పిన్నీసు పెట్టి బిగించాం.

కానీ ఇవాళ్టి అసలు మార్పు మామయ్య ఆలోచన. "నిలవ నీళ్ళకంటే చుక్క పడే చప్పుడికి పిట్ట త్వరగా వస్తుంది. బోరు పంపు కారుతుంటే దాని కింద ఎప్పుడూ పిట్టలుండేవి" అన్నారు. మరిది రెండు లీటర్ల సీసా తీసుకుని అడుగున సూదితో రంధ్రం చేశాడు, దాంట్లోంచి నూలు పోగు దూర్చాడు. సీసాని కొమ్మకి కట్టి మూకుడు మీద వేలాడదీశాం. మూత బిగిస్తే చుక్క ఆగిపోతుంది, కొంచెం వదులు చేస్తే గాలి లోపలికి వెళ్ళి చుక్క పడుతుంది. మూతని అలా కొద్దికొద్దిగా తిప్పుతూ రెండు సెకన్లకి ఒక చుక్క పడేలా కుదిర్చాడు.

పెద్దది లెక్క వేసింది. మిల్లీలీటరుకి సుమారు 20 చుక్కలు, రెండు లీటర్లకి 40,000. రెండు సెకన్లకొకటి చొప్పున 80,000 సెకన్లు, అంటే 22 గంటలు. రోజుకొకసారి నింపితే సరిపోతుందని తేల్చింది.

చుక్క పడడం మొదలయ్యాక గంటలోపే తేడా తెలిసింది. పికిలిపిట్టలు మూడు వచ్చాయి. ఒకటి ముందు మూకుడు అంచు మీద వాలి, చుక్క పడే చోటు వైపు తల వాల్చి చూసింది. తర్వాత రాళ్ళ మీదుగా ఒక్కో అడుగూ దిగింది. పొట్ట తగిలేంత లోతుకి వెళ్ళి, రెక్కలు అదిలించి, నీళ్ళు ఫౌంటెన్‌లా ఎగజిమ్మింది. తోక కింద ఎర్రటి మచ్చ తడిసి ఇంకా ముదురుగా మెరిసింది. తెర వెనక ఎనిమిది మందిలో ఒక్కరూ ఊపిరి తీయలేదనిపించింది.

ఆరు రకాలు.

డిసెంబర్ 27

ఇవాళ టెన్షన్ పడ్డాం.

పదకొండు గంటలకి వెనక గది అద్దానికి ఏదో దబ్ మని తగిలింది. పరుగెత్తి వెళ్తే కిటికీ కింద పికిలిపిట్ట వెల్లకిలా పడి ఉంది. ముక్కు తెరుచుకుని ఉంది, కళ్ళు సగం మూసుకుంది. ఊపిరి ఆడుతోంది. మరిది కూతురు ఏడుపు మొదలుపెట్టింది, చిన్నోడు నీళ్ళు పోద్దాం అని గ్లాసు తెచ్చాడు.

నీళ్ళు పోయకూడదు. తెలివి లేని పిట్ట నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. మెత్తటి తువ్వాలుతో పైకి తీసి, గాలి రంధ్రాలు పొడిచిన చెప్పుల పెట్టెలో ఉంచి మూత పెట్టాను. చీకటి, నిశ్శబ్దం, ఈ రెండే దానికి మందు. తిండీ వద్దు, నిమిషానికోసారి మూత తీసి చూడడమూ వద్దు. పెట్టెని నీడగా ఉన్న గదిలో పెట్టి తలుపు వేశాం. పిల్లలు బయట గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఎవరూ టీవీ అడగలేదు.

చేత్తో ఎత్తినప్పుడు దాని బరువు నన్ను కలవరపెట్టింది. బరువే లేదు. తువ్వాలు ఖాళీగా ఉన్నట్టే ఉంది, కానీ అరచేతికి వేడి తెలుస్తోంది, గుండె సన్నగా, ఎడతెగకుండా అదురుతోంది.

యాభై నిమిషాలకి పెట్టె లోపల గీరిన చప్పుడు. ఇంట్లో మూత తీస్తే మళ్ళీ గోడలకి కొట్టుకుంటుంది కాబట్టి పెట్టెని అలాగే పెరట్లోకి తీసుకెళ్ళాను. మూత తీయమని చిన్నోడికి ఇచ్చాను. తీశాడు. అది ఒక క్షణం మమ్మల్ని చూసింది, నలుపు జుట్టు నిక్కబొడుచుకుంది. అంతే, జామ చెట్టు మీదికి వెళ్ళిపోయింది. పాప చప్పట్లు కొట్టబోయి ఆపుకుంది.

ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ అద్దంలో చెట్టూ ఆకాశమూ అచ్చం బయట ఉన్నట్టే కనిపిస్తాయి. మేము నీళ్ళూ గింజలూ పెట్టి పిట్టల్ని దగ్గరికి పిలిచాం, అద్దం సంగతి చూడలేదు. పిలిచిన వాళ్ళదే బాధ్యత. రేపు మొదటి పని అదే.

డిసెంబర్ 28

అద్దం మీద గద్ద బొమ్మ స్టిక్కరు ఒకటి అంటిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. పిట్ట ఆ బొమ్మని తప్పించుకుని పక్కనున్న ఖాళీలోకి దూసుకెళ్తుంది. అద్దమంతా గుర్తులుండాలి, వాటి మధ్య ఖాళీ రెండు అంగుళాలు, అంటే 5 సెంటీమీటర్లు మించకూడదు. గుర్తులు బయటి వైపే ఉండాలి, లోపల అంటిస్తే ప్రతిబింబం వాటిని కప్పేస్తుంది.

నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు అద్దం. దారంతో గళ్ళు కట్టి, తెల్ల రంగుతో, పెన్సిలు వెనక భాగం ముంచి చుక్కలు పెట్టారు పిల్లలు. అడ్డంగా 24, నిలువుగా 18, మొత్తం 432. ముగ్గురూ వరసలు పంచుకున్నారు. చిన్నోడి వరసలు కొంచెం వంకరగా వచ్చాయి, అవి అలాగే ఉంచాం. లోపల నుంచి చూస్తే ముందు కాస్త అడ్డుగా అనిపించింది. మధ్యాహ్నానికల్లా అలవాటైపోయింది.

పొద్దున లెక్కలో ఎనిమిది రకాలు. పిచ్చుకలు ఎట్టకేలకు గింజల పళ్ళెం కనిపెట్టాయి, ఒకేసారి అయిదు. మగదాని మెడ కింద నల్ల మచ్చ చూపించి, ఆడదానికి అది ఉండదని మావారు పాపకి చెప్పారు. తేనెపిట్టలు రెండు మందారం దగ్గర చేరాయి. అది పువ్వు ముందు నుంచి వెళ్ళదు, గొట్టం మొదట్లో పక్క నుంచి సూదిలాంటి ముక్కుతో పొడిచి తేనె లాగేస్తుంది. వాటిలో ఒకటి పసుపు పొట్టతో, గొంతు నుంచి పొట్ట దాకా ఒక్క నల్ల గీతతో ఉంది. ఇది వేరే రకం అని పెద్దది పట్టుబట్టింది. వేరే కాదు, మగపిట్టే. పిల్లల్ని పెంచే కాలం అయిపోయాక మెరిసే ఊదా నలుపు ఈకలు రాల్చి ఇలా ఉంటుంది. కొన్ని వారాల్లో మళ్ళీ ఒళ్ళంతా నల్లగా మెరుస్తుంది. పెద్దది రంగు పెన్సిళ్ళతో ఆ గీత పిట్టని వేసి, పక్కన తేదీ రాసింది. మళ్ళీ రంగు మారినప్పుడు పక్కనే ఇంకో బొమ్మ వేస్తుందట.

మరిది వాళ్ళు సాయంత్రం వెళ్ళిపోయారు. వాళ్ళింటి బాల్కనీకి సీసా ఎలా కట్టాలో మరిది నాలుగుసార్లు అడిగాడు.

డిసెంబర్ 29

సున్నా.

పెరడంతా అకస్మాత్తుగా మూగబోయింది. ఉడుత ఒక్కటే కొమ్మకి అతుక్కుని ఆపకుండా కీచుమంటోంది. "డేగ ఉంటుంది చూడండి" అన్నారు మామయ్య, కళ్ళు మూసుకునే. నిజమే, జామ చెట్టు నడిమి కొమ్మ మీద బూడిద రంగు జాలెడేగ. ఎర్రటి కన్ను. దాన్ని తరుముదామని చిన్నోడు చెప్పు తీశాడు. దానికీ ఆకలేస్తుందిరా అన్నారు తాతయ్య. లెక్కలో డేగ ఒకటి అని రాయాలి కాబట్టి సున్నా కాదు, ఒకటి అని పెద్దది దిద్దింది.

డిసెంబర్ 30

మూకుడు రుద్ది కడిగే రోజు. నీళ్ళు రోజూ మారుస్తున్నాం కానీ రాళ్ళ కింద ఆకుపచ్చ పాచి పట్టింది. కాకులు ఎక్కడి నుంచో ఎండిన ముక్కలు తెచ్చి ఇందులో నానబెట్టుకుని తింటున్నాయి, దాంతో నీళ్ళు త్వరగా పాడవుతున్నాయి. సబ్బు లేకుండా, వేడినీళ్ళతో, గట్టి బ్రష్షుతో రుద్ది ఎండలో ఆరబెట్టాం. పళ్ళెం కూడా అంతే. చాలా పిట్టలు ఒకేచోట తినీ తాగీ చేస్తే జబ్బు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటుంది. కడిగే ఓపిక లేకపోతే పెట్టకుండా ఉండడమే మంచిదని నా అభిప్రాయం. నీళ్ళు నిలవ ఉంటే దోమల బాధ వేరే.

కాకులకి వేరే చిప్ప పెట్టాం, గోడ పక్కన. అటు వెళ్తున్నాయి.

డిసెంబర్ 31

దొరికింది!

సాయంత్రం అయిదున్నర. తెర వెనక మామయ్య, నేను, పెద్దది. మిగతా ఇద్దరూ వెనక మెట్ల మీద. చుక్క పడుతోంది. టక్ అన్న చప్పుడు ఇవాళ పొద లోపల నుంచి కాదు, అంచు నుంచి వచ్చింది. మామయ్య వేలు పైకెత్తి, కుడివైపుకి చూపించారు. ఆయనకి కనపడదు, విని చూపిస్తున్నారు. ఆ వేలు చూపిన చోటే చూశాం.

మందారం అడుగు కొమ్మ మీద ఒక చిన్న పిట్ట. పిచ్చుక కంటే సన్నం. పైన మట్టి గోధుమ రంగు, కింద మురికి తెలుపు. కంటి పైన లేత గీత, అది కన్ను దాటి ఎక్కువ దూరం పోలేదు. పొడుగాటి ముక్కు. చార లేదు, మచ్చ లేదు, ఇదీ దాని గుర్తు అని చెప్పుకోవడానికి ఏమీ లేదు. తోక ఒకసారి విసురుగా అదిలించి టక్ అంది. తర్వాత రాయి మీదికి దిగింది, సీసా చుక్క పడే చోట ముక్కు పెట్టి ఒకటి, రెండు గుక్కలు తాగింది. మూడోసారి పొదలోకి మాయం.

పెద్దది ఫోన్‌లో పిట్ట గొంతు విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ తెరిచింది, ఆ టక్ చప్పుడు మళ్ళీ వస్తే రికార్డు చేసింది. పేరు వచ్చింది: బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. యాప్ చెప్పిందని అంతటితో నమ్మలేదు. రంగు, కంటి గీత, పొద వదలకపోవడం, పొడి టక్, నాలుగూ కూర్చుని సరిచూసుకున్నాం. సరిపోయాయి.

మాకు ఒళ్ళు గగుర్పొడిచిన సంగతి తర్వాత తెలిసింది. ఇది మన దగ్గర పుట్టే పిట్ట కాదు. ఫిన్లండ్ నుంచి రష్యా మీదుగా సైబీరియా దాకా ఉన్న చోట్ల గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తుంది. అక్కడ చలి రాకముందే బయల్దేరి శీతాకాలమంతా భారత ఉపఖండంలో గడిపి, ఎండలు ముదిరేసరికి తిరిగి వెళ్తుంది. దాని బరువు పది పన్నెండు గ్రాములు. పేరులో రీడ్ అంటే రెల్లు, కానీ ఇది రెల్లు కంటే పొదల్నే ఎక్కువ ఇష్టపడుతుంది. బ్లైత్ అన్నది ఎడ్వర్డ్ బ్లైత్ పేరు. ఆయన 1841 నుంచి 1862 దాకా కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకున్న జీవశాస్త్రవేత్త.

పెద్దది అట్లాస్ తెచ్చి తాతయ్య ఒళ్ళో పెట్టి, ఆయన వేలు పట్టుకుని ఫిన్లండ్ మీద ఆనించింది. అక్కడి నుంచి కిందికి, పర్వతాలు దాటించి, మన దాకా జరిపింది. "ఇంత దూరమా" అని ఆయన మళ్ళీ మొదటి నుంచి ఆ దారి వేలితో గీయమన్నారు. "అంత దూరం నుంచి వచ్చి మన పొదలో పడుకుంటోంది. నేనేమో ఇన్నేళ్ళూ ఎవరో రాళ్ళు కొడుతున్నారనుకున్నాను."

కొత్త సంవత్సరం కోసం పన్నెండింటి దాకా మేలుకున్నది మేమిద్దరమే. పిల్లలు పొద్దున్నే లేవాలని తొమ్మిదింటికే పడుకున్నారు.

జనవరి 1

పది రకాలు, ఈ సెలవుల్లో ఇదే ఎక్కువ. కాకి 4, గోరింక 4, పికిలిపిట్ట 3, గువ్వ 2, పిచ్చుక 7, తేనెపిట్ట 2, కుట్టుపిట్ట 1, జెముడుకాకి 1, తీగ మీద ఏట్రింత 1, వార్బ్లర్ 1 (చప్పుడు మాత్రమే). వినపడిన పిట్టనీ లెక్కలో వేయవచ్చు, గుర్తుపట్టగలిగితే చాలు. ఆ నియమం విని మామయ్య ముఖం వెలిగిపోయింది. ఈబర్డ్‌లో మా ఇంటి తరఫున మొదటి జాబితా ఇవాళే పంపాం. 2002లో మొదలైన ఈ వెబ్‌సైట్‌కి పంపిన లెక్కల్ని పరిశోధకులు వాడుకుంటారు. పంపు అనే బటన్ చిన్నోడే నొక్కాడు.

మందారం పొదని జనవరిలో కత్తిరించాలని ముందే అనుకున్నాం. అది ఇప్పుడు వాయిదా. వార్బ్లర్ వెళ్ళేదాకా ఆ పొద ముట్టుకోవద్దని ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉన్నారు. రాలిన ఆకులు కూడా పొద కింద అలాగే వదిలేస్తున్నాం, దానికి కావలసిన పురుగులు వాటి కిందే ఉంటాయి.

జనవరి 3

నిన్న బడి తెరిచారు. పొద్దున ఏడింటికి బస్సు, లెక్కకి పిల్లలుండరు. శని, ఆదివారాలు చూద్దాంలే అనుకున్నాను.

నిన్న సాయంత్రం చిన్నోడు బ్యాగు పడేసి ముందు సీసా దగ్గరికే పరుగెత్తాడు. నీళ్ళు సగానికి ఉన్నాయి, నింపాడు. తర్వాత నోట్‌బుక్ తెరిచి, "అమ్మా, ఎవరో రాశారు" అని అరిచాడు.

జనవరి 2 పేజీలో, మందపాటి స్కెచ్ పెన్నుతో, ఒక్కో అక్షరం వేలెడంత పెద్దగా, గీత మీద నిలవకుండా పైకీ కిందికీ పోతూ ఉంది రాత:

"ఏడు గంటలు. పదిహేను నిమిషాలు. పికిలిపిట్ట, వినికిడి. గోరింక, వినికిడి. కుట్టుపిట్ట, వినికిడి. టక్ టక్, రెండుసార్లు."